పెద్దమ్మ నడిపిన బాట

ఈ నాలుగు మాటలు రాసి పెట్టకపోతే ఒక ఆట జాడ లేకుండా పోతుంది. ఆ ఆట మాకు నేర్పి, వారం వారం కూర్చోబెట్టి నడిపిన మనిషి పోయిన వానాకాలంలో కన్నుమూసింది. ఆడినవాళ్ళం ముగ్గురం మిగిలాం. మా ముగ్గురి జ్ఞాపకాలూ ఒక్కచోటికి చేరిస్తే గాని అది పూర్తిగా నిలబడదు.

రాయాలన్న బుద్ధి పుట్టింది మాత్రం లైబ్రరీలో. నేను స్కూలు మధ్యలోనే మానేసి ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరినవాణ్ణి. నాకున్న చదువంతా డ్యూటీ దిగాక నది ఒడ్డున ఉన్న పెద్ద లైబ్రరీలో, నిఘంటువు పక్కన పెట్టుకుని సంపాదించుకున్నదే. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే ఉంది. ఈమధ్య పాత ఇంగ్లీషు వారపత్రికల కట్ట తిరగేస్తుంటే ఒక వ్యాసం కనిపించింది. విదేశాల్లో కొందరు ఒక బల్ల చుట్టూ కూర్చుని, కథలో తలా ఒక మనిషిగా మారి ఆడుకుంటారట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తమ మనిషి ఏం చేస్తాడో చెబుతారు. అవుతుందో కాదో తేలనిచోట పాచికలు వేస్తారు. కథ ఎటు పోవాలన్నది ఎవరి చేతిలో ఉండాలని వాళ్ళలో వాళ్ళకు పెద్ద తగువట. నడిపేవాళ్ళ చేతిలోనా, ఆడేవాళ్ళ చేతిలోనా, పాచికల చేతిలోనా? వ్యాసం రాసినాయన ఏదీ తేల్చకుండా ముగించాడు.

నేను పత్రిక మూసేశాను. ఈ ఆట మేము పాతబస్తీ గౌలిపురలో, బర్రెల కొట్టం అరుగు మీద ఏళ్ళ తరబడి ఆడాం. ఆ తగువు కూడా పడ్డాం. మా తగువు తేలింది కూడా.

మేము దాన్ని బాట అనేవాళ్ళం. నడిపే ఆమెను నేను, దర్జీ యాదయ్య పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. ఆమె ఈడుకు దగ్గరి మనిషి దానమ్మ ఒక్కతే అక్కా అనేది. పెద్దమ్మది పాలవాళ్ళ ఇల్లు. భర్త పోయాక కొట్టాన్ని ఆమే చూసుకునేది. ఆదివారం మధ్యాహ్నం బర్రెలకు మేత వేసి, సాయంత్రం పాలు పితికే వేళ దాకా ఉన్న ఆ కాస్త తీరికే మా ఆట సమయం. యాదయ్య పత్తర్‌గట్టిలో ఒక దుకాణంలో కుట్టేవాడు. ఆదివారం కూడా మెడలో టేపు తీసేవాడు కాదు. దానమ్మ సర్కారు దవాఖానాలో ఆయా. చర్చి నుంచి నేరుగా తెల్లచీరతో వచ్చి, గోనెసంచి మడిచి వేసుకుని కూర్చునేది. తౌడు వాసన, పల్లిచెక్క వాసన, వెనక బర్రెలు నెమరువేసే చప్పుడు. బాట అంటే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేవి అవే.

కథ ఎప్పుడూ మా ఊళ్ళోని కార్వాన్ పేటలో మొదలయ్యేది. పాతకాలపు వ్యాపారుల బిడారు ఒకటి అక్కడినుంచి బందరు రేవుకు బయలుదేరుతుంది. మేమంతా అందులో మనుషులం. యాదయ్య డేరాలు కుట్టేవాడు. దానమ్మ ఒంటెద్దు మీద ఉప్పు మోసుకుపోయే మనిషి. నేను షావుకారు దగ్గర గుమాస్తాని. బందరు చేరామా లేదా అన్నది ఎవరికీ పట్టేది కాదు. దారిలో ఏం చేశామన్నదే ఆట.

ఈ ఆట ఎక్కడిదని పెద్దమ్మను అడిగితే, మా తాత మంద వెంట నడిచేటప్పుడు పొద్దుపోక ఆడించేవాడని ఒకసారి చెప్పింది. ఇంకోసారి అడిగితే మా మేనత్త నేర్పిందని అంది. లైబ్రరీలో జానపదుల ఆటల మీద దొరికిన పుస్తకాలన్నీ వెతికాను. నాకు కనబడలేదు. లేదని చెప్పలేను.

నా మొదటి ఆదివారం నాకు బాగా గుర్తుంది. బిడారు కోట దర్వాజా దగ్గరికి వచ్చింది. సిపాయి అడ్డం నిలబడ్డాడు. అప్పుడే నేను గోల్కొండ కాలపు సుంకాల గురించి చదివి ఉన్నాను. ఆ కాలంలో వర్తకుల దగ్గర ముద్ర వేసిన చిట్టీలు ఉండేవని, ఏ సరుకుకు ఎంత మినహాయింపో, అంతా చెప్పాను. పెద్దమ్మ ఒక్కమాట అడ్డం రాకుండా విన్నది. విన్నాక అరచేయి కొంగుకు తుడుచుకుంది.

"మంచి ముచ్చట జెప్పినవ్ లైబ్రరీ. గిప్పుడు సిపాయి నీ ముంగట నిలవడ్డడు. ఏం జేస్తవ్?"

"చిట్టీ జూపిస్త. సిపాయి జూసి ఇడిచిపెడ్తడు."

అరుగు మీద అరచేత్తో మెత్తగా ఒక దెబ్బ కొట్టింది.

"సిపాయి సంగతి నన్ను జెప్పనియ్యి. నువ్వేం జేస్తవో గంతవరకే నీది."

బాటలో కొత్తగా కూర్చున్నవాళ్ళందరూ చేసే తప్పు ఇదే. తమ మనిషి సంగతి అడిగితే ఎదుటిమనిషి సంగతి చెబుతారు. మా మామ ఒప్పుకోడు, షావుకారు తిడతాడు, నది పొంగుతుంది అంటారు. ప్రతిసారీ ఆమె అరచేత్తో అరుగును తట్టేది. ఆ రోజు నుంచి నా పేరు లైబ్రరీ అయింది. ఆ వాడలో కొందరికి నా అసలు పేరు ఈనాటికీ తెలియదు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. "ఏం జేస్తవ్?" అని అడిగిన వెంటనే ముఖం అటు తిప్పి బర్రెల వైపు చూసేది. మొదట్లో పాడి మీద ధ్యాస అనుకున్నాను. అదీ ఉండేది. బిడారు నడినదిలో ఉండగా, "ఆగుండ్రి, నడిమి బర్రె గడ్డి ముడ్తలేదు" అని లేచిపోయేది. ఆమె దాని చెవులు పట్టి చూసి, నోరు తెరిపించి చూసి వచ్చేదాకా మేము మోకాలి లోతు నీళ్ళలో అలాగే నిలబడేవాళ్ళం. కాని అడిగినప్పుడు ముఖం తిప్పడం వేరు. ఒకసారి దానమ్మ అడిగితే చెప్పింది. ఆడేవాళ్ళు జవాబు కోసం నడిపేదాని ముఖంలోకి చూస్తారట. ఆమె కనుబొమ్మ ఎటు లేస్తే అటు పోతారట. అందుకని.

గవ్వలు ఐదు ఉండేవి, చిన్న తాడు సంచిలో. నోరు పైకి పడ్డవి ఎక్కువైతే పని అయినట్టు, బోర్లాపడ్డవి ఎక్కువైతే కానట్టు. అయితే ఊరికే వేయనిచ్చేది కాదు. నీ చేతిలో ఉన్నదానికి గవ్వలక్కర్లేదు. చెట్టు ఎక్కాలనుకోవడం నీది, కొమ్మ ఆగుతుందా విరుగుతుందా అన్నది గవ్వలది. అడిగేముందు మాత్రం అక్కడ నిలబడ్డ మనిషి కంటికి కనబడేదంతా చెప్పేది. కొమ్మ ఎండిందా పచ్చిదా, కింద రాళ్ళున్నాయా మట్టి ఉందా. కనబడేది దాచిపెట్టి అడిగితే అది అడుగుడే కాదని అనేది.

ఒక ఎండాకాలం ఆమె చెల్లెలి ఇంట్లో పెళ్ళిపనులకని కొన్నాళ్ళు వెళ్ళింది. ఉండబట్టలేక మేము కార్వాన్ నుంచి ఒక నాటకాల మాస్టారును పిలిపించుకున్నాం. ఏం గొంతు ఆయనది! రాజు మాట్లాడితే రాజే, ఒంటె మాట్లాడితే ఒంటే. అద్దాల మేడ ఉన్న ఒక కోట గురించి చెప్పి మమ్మల్ని నోరెళ్ళబెట్టించాడు. మరుసటి ఆదివారం యాదయ్య కావాలని, "మేం ఎడమదిక్కు పోతం మాస్టారూ, కోటదిక్కు రాం" అన్నాడు. ఎడమవైపు తిరిగాం. కొంతదూరం పోగానే ఒక కోట వచ్చింది. అద్దాల మేడ ఉంది. దర్వాజా దగ్గర అదే ముసలి కావలివాడు, అదే దగ్గు. దానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. యాదయ్య వెనక్కి తిరిగి పోతానన్నాడు. వెనకా అదే దగ్గు వినిపించింది.

తరువాతి వారం యాదయ్య తానే నడుపుతానన్నాడు. మాస్టారు మీద కసితో ప్రతిదీ గవ్వలకే అప్పజెప్పాడు. నీళ్ళు తాగాలన్నా గవ్వలే, పొయ్యి అంటుకోవాలన్నా గవ్వలే. కార్వాన్ దాటకముందే బిడారులో సగంమంది పోయారు. నేను జోడు తొడుక్కోబోయి చచ్చాను.

పెద్దమ్మ తిరిగొచ్చాక ఇదంతా చెబితే కడుపుబ్బ నవ్వింది. మాస్టారును మాత్రం ఏమీ అనలేదు.

"ఆయన కథ మస్తు చెప్తడు. గట్లైతే కూసోని ఇనుండ్రి, తప్పేంది? నడుస్తున్నమని మాత్రం అనుకోకుండ్రి. యాదీ, నీ బాటల నడిచెటోళ్ళు లేరు, నడిపెటోడు లేడు. గవ్వలొక్కటే ఆడుకున్నయ్."

"నా బాట మన్నువడ" అని యాదయ్యే తనను తాను తిట్టుకున్నాడు.

ఆమె మెత్తని మనిషి అనుకుంటే పొరపాటు. ఒక వానాకాలం మా బిడారు పొంగిన మూసీ ఒడ్డుకు చేరింది. అందరం ఆగుదామన్నాం. దానమ్మ దాటుతానంది. నీళ్ళు ఎద్దు పొట్ట దాకా ఉన్నాయని, సుడి కనబడుతోందని, అవతలి ఒడ్డు జారుడుగా ఉందని పెద్దమ్మ అన్నీ చెప్పింది. చెప్పి అడిగింది. ముఖం తిప్పుకుంది. దానమ్మ దాటుతాననే అంది. గవ్వలు పడ్డాయి. నాలుగు బోర్లా.

ఎద్దు కొట్టుకుపోయింది. లేని ఎద్దు కోసం దానమ్మ నిజంగా ఏడ్చింది. యాదయ్యకు కోపం వచ్చింది. ఇంకోసారి వేయనిస్తే నీ సొమ్మేం పోతుందని పెద్దమ్మ మీద లొల్లి పెట్టుకున్నాడు. ఆమె గవ్వలు ఏరి సంచిలో పోస్తూ, "ఎద్దును నేను తోలుకొచ్చి ఒడ్డుకు కట్టేస్తే, ఆమె దాటింది లెక్కకు రాదు యాదీ" అంది. కాసేపటికి దానమ్మ ముక్కు తుడుచుకుని, పలుపు ఇంకా నా చేతిలోనే ఉంది, తడిబట్టలతోనే నడుస్తాను అంది. ఆ తరువాత చాలా వారాలు ఆమె మనిషి ఒట్టి పలుపు భుజాన వేసుకునే నడిచింది. దవాఖానాలో పొద్దంతా ఇది ఎత్తు, అది కడుగు అని చెప్పేవాళ్ళే గాని నువ్వేం చేస్తావని అడిగే నోరు ఈ అరుగు మీద ఒక్కటే ఉందని దానమ్మ నాతో తరువాతెప్పుడో అంది.

ఇక కొట్టం సంగతి. గౌలిపుర సందులు ఇరుకైపోతున్నాయి. బర్రెలను ఊరి బయటికి తీసుకుపొమ్మని మున్సిపాలిటీవాళ్ళు అప్పటికే చాలాసార్లు చెప్పిపోయారు. పెద్దమ్మ పెద్దకొడుకు నర్సింగ్ బస్సు డిపోలో మెకానిక్. తల్లి అంటే ప్రాణం. ఈ వయసులో తెల్లవారకముందే లేచి పేడ ఎత్తడం ఇక చాలని, బర్రెలన్నీ అమ్మేసి ఆమెను కూర్చోబెట్టి చూసుకోవాలని అతని ఆలోచన. బేరం కుదిరింది. కొనేవాళ్ళు ఆ గురువారం వచ్చి తోలుకుపోతారు. ఆమెను ఎవరూ అడగలేదు. అడగకపోవడంలో కపటం లేదు. తల్లికి ఇంకో ఆలోచన ఉంటుందని అతనికి తట్టలేదంతే.

ఆమె మాకు ఏమీ చెప్పలేదు. యాదయ్య బయట విని మాకు చెప్పాడు. ఆ ఆదివారం ముగ్గురం వెళ్ళాం. ఎప్పటిలాగే గోనెసంచులు పరిచి ఉన్నాయి. ఎప్పటిలాగే బిడారు బయలుదేరింది. ఒక సత్రం దగ్గర దారి చీలింది. అడగాల్సిన చోట పెద్దమ్మ అడగలేదు.

"యాదీ, నువ్వు ఎనుకకు మర్లి ఇంటికి వోయినవ్" అంది.

యాదయ్య నా వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఆమె ఎవరి అడుగూ వాళ్ళ బదులు వేయలేదు. ఆమెకు కూడా ఆ సంగతి మా ముఖాలు చూశాకే తెలిసినట్టుంది. చేతిలోని గడ్డిపోచను తుంచుతూ ఉండిపోయింది.

దానమ్మ చేయి చాచి ఆమె ఒడిలోంచి గవ్వల సంచి తీసుకుంది.

"ఇయ్యాల నువ్వు ఆడక్కా. నేను నడిపిస్త."

"నాకు ఆడొస్తదానే?"

"సూద్దాం. నువ్వు గౌలిపురల ఉన్నవ్. నీ కొట్టంల బర్లున్నయ్. గురువారం పొద్దుగాల. గేటు కాడ కొనెటోడు నిలవడ్డడు, చేతుల పలుపులున్నయ్. పక్కకు నీ కొడుకున్నడు. కొట్టం ఈడనే ఉంచుకునుడు కుదరదు, గది నీకెరికే. ఏం జేస్తవ్?"

అడిగి దానమ్మ ముఖం అటు తిప్పి బర్రెల వైపు చూసింది. నేనూ, యాదయ్యా కూడా అటే చూశాం.

"నర్సింగ్ అమ్ముతడు" అంది పెద్దమ్మ.

దానమ్మ అరచేత్తో అరుగును తట్టింది.

"నర్సింగ్ సంగతి నర్సింగ్ జెప్తడు. నువ్వేం జేస్తవ్?"

"వచ్చినోడు ఊకుంటడా మరి? మాట అయిపోయినంక—"

మళ్ళీ తట్టింది. "ఆయన సంగతి నేను జెప్త అక్కా. నువ్వు?"

కొత్తగా కూర్చున్నవాళ్ళు చేసే తప్పునే ఆమె చేసింది. ఎవరికీ నవ్వు రాలేదు. లోపల ఒక బర్రె తోకతో గోడను కొట్టుకుంటోంది. అప్పుడే నర్సింగ్ కుడితి బకెట్ పట్టుకుని ఇంట్లోంచి కొట్టంలోకి వచ్చాడు. మమ్మల్ని చూసి గడపలోనే ఆగాడు. ఆమె అతణ్ణి చూసిందో లేదో నాకు తెలియదు. మేమంతా బర్రెల వైపే చూస్తున్నాం.

"బర్లతోని నేను వోత" అంది. గొంతు మామూలుగానే ఉంది. "బాలాపూర్ దిక్కు మా తమ్ముని జాగ ఖాళీగ పడావున్నది. ఆడ గుడిసె ఏస్కుంట."

"గవ్వలు ఏద్దామా?" దానమ్మ అడిగింది.

"నేను పొయ్యేదానికి గవ్వలెందుకే? ఆడికి వోయినంక బతుకుతనా లేదా అని ఏస్తరు. గది ఇప్పుడు గాదు."

నర్సింగ్ బకెట్ కింద పెట్టాడు. "ఆడ కరెంటు లేదమ్మా" అన్నాడు. "బాయి దూరం. దవాఖానా లేదు."

ఆమె తిరిగి చూసింది.

"మంచిగ జెప్పినవ్ బిడ్డా. కనవడేదంత జెప్పినవ్. అయినా వోత."

పాలు పితికే వేళయింది. గురువారం కొనేవాళ్ళు వచ్చారు. నర్సింగే గేటు దగ్గర నిలబడి బేరం లేదని చెప్పి పంపించాడు. తరువాతి వారం తెల్లవారుతుండగా ఆమె ముందు నడుస్తూ బర్రెలను తోలుకుపోయింది. దానమ్మ, నేను ఇళ్ళు పలచబడేదాకా వెంట నడిచాం. యాదయ్య వెళ్ళి రమ్మని చెప్పడానికి కూడా రాలేదు. దుకాణంలో పని ఉందన్నాడు.

మాకు అప్పుడు గాని అర్థం కాలేదు. ఆ ఆదివారం మేము అడిగిన ప్రశ్నతో మా ఆటే ఆగిపోయింది. నడిపే మనిషి లేదు. ఒకసారి దానమ్మ ఇంటి ముందు కూర్చుని ప్రయత్నం చేశాం. కార్వాన్ దాటాం గాని ఎవరికీ మనసు రాలేదు.

నేను సైకిలు మీద అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. అక్కడ సుఖంగా ఉందని రాయలేను. మొదటి ఎండాకాలంలోనే రెండు బర్రెలు పోయాయి. మనిషి నల్లబడింది, చిక్కింది. నర్సింగ్ ప్రతి సెలవు రోజూ వెళ్ళి నీళ్ళు మోసి, గుడిసె కప్పు సరిచేసి వచ్చేవాడు. ఒక సాయంత్రం నేను ధైర్యం చేసి, గవ్వలు ఏమన్నాయి పెద్దమ్మా అని అడిగాను. ఆమె ముఖం తిప్పి బర్రెల వైపు చూసింది. నేను జవాబు కోసం ఆమె ముఖంలోకి చూస్తున్నానని అప్పుడు గుర్తొచ్చింది.

"ఇంక తిర్గుతనే ఉన్నయ్ లైబ్రరీ" అంది. "పడలే."

ఆమె అక్కడే, ఆ గుడిసెలోనే పోయింది.

ఈ మాటలు రాయడానికి సాయపడినవాళ్ళు ఉన్నారు. పాత పత్రికల కట్టను నా కోసం అటక మీంచి దింపిన లైబ్రరీ గోపాలరావుగారికి, అందులోని కష్టమైన మాటలు విడమర్చి చెప్పిన మా ఫోర్‌మన్ జోసెఫ్‌గారికి కృతజ్ఞతలు. కావలివాడి దగ్గును మళ్ళీ దగ్గి చూపించిన యాదయ్యకు, నేను మరిచిపోయిన సుడినీ జారుడు ఒడ్డునూ గుర్తుచేసిన దానమ్మకు కృతజ్ఞతలు. రాసిందంతా విని, సగం కొట్టేయించిన నా భార్య సుజాతకు కూడా. పెద్దమ్మ పేరు ఎక్కడా రాయలేదు. ఒకసారి అడిగితే, బాటలో నడిచేవాళ్ళకే పేర్లు, నడిపేవాళ్ళకు ఉండవని చెప్పింది.

చివరగా నర్సింగ్‌కు. తల్లి సంగతి రాస్తానంటే కాదనలేదు. తన పేరు కూడా రాసుకొమ్మన్నాడు. ఆ ఆదివారం బకెట్ దింపేటప్పుడు మనసులో ఏమనుకున్నావని అడిగాను.

"గది నేను జెప్పేది లైబ్రరన్నా. నువ్వు జెప్పకు" అన్నాడు.

అందుకే ఆ మాట ఇందులో లేదు.